ఎర్రచుక్క పడ్డ కమోడు

ఆ సోమవారం ఉదయం ఆరున్నరకి ఎర్రచుక్క అనే మనిషి దగ్గర ఒక పథకం ఉంది. పథకమంటే పెద్దదేమీ కాదు. పాత క్యాలెండరు కాగితం చింపి నాలుగు చిన్న పడవలు చేశాడు. వాటిని కమోడులో నీళ్ళ మీద వదిలి, నాలుగేళ్ళ కొడుకుని ఎదురుగా నిలబెట్టి, ముంచెయ్యమంటాడు. పిల్లాడి ధ్యాసంతా పడవల మీదే ఉంటుంది కాబట్టి పడాల్సింది పడాల్సిన చోటే పడుతుంది, నేల పొడిగా ఉంటుంది, తను పొడి మేజోళ్ళతో ఫ్యాక్టరీకి వెళ్తాడు. ఇంతకన్నా చిన్న కోరిక ఏ మనిషికైనా ఉంటుందా అని అతనికి నిజంగానే అనిపించింది.

బుడ్డోడు డైపరు మానేసి మూడు నెలలైంది. "సుస్సు వస్తోంది" అని ముందే చెబుతాడు, పరుగెత్తుకెళ్తాడు, నిక్కరు తనే దించుకుంటాడు, పెద్దమనిషిలా నిలబడతాడు. మొదటిసారి అలా నిలబడ్డ రోజున భార్యాభర్తలిద్దరూ పిల్లాడికి ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డారు. ఆ సంబరం వారం కూడా నిలవలేదు. నిలబడటం వచ్చింది గానీ గురి రాలేదు. సీటు మీద, ట్యాంకు మీద, గోడ మీద, బకెట్టులో, ఆరేసిన తువ్వాలు మీద, ఒకరోజు ఎలా సాధ్యమైందో గానీ కిటికీ ఊచ మీద కూడా పడింది. రోజుకి ఆరుసార్లు నేల తుడవడం, ఆరుసార్లు చేతులు కడుక్కోవడం, ఆరుసార్లు "పోన్లే, చిన్నపిల్లాడు" అనుకోవడం. ఆరోసారి అనుకోవడానికి మాత్రం అతనికి ఓపిక చాలేది కాదు.

ఇందులో వింతేమిటంటే అతని ఉద్యోగమే కమోడ్లు చూడటం. ఊరి చివర కమోడ్లు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ మనిషి. బట్టీలో కాలి వచ్చిన ప్రతి కమోడునీ దీపం కింద పెట్టి తిప్పి చూస్తాడు, చిన్న చెక్క సుత్తితో తట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే ఎక్కడో వెంట్రుకంత బీట ఉన్నట్టు. బీట ఉన్నదాని లోపలి గోడకి గుండ్రటి ఎర్ర స్టిక్కరు ఒకటి అంటిస్తాడు. అందుకే ఫ్యాక్టరీలో అతని అసలు పేరు అందరూ మర్చిపోయి ఎర్రచుక్క అనే పిలుస్తారు. రోజుకి రెండు వందల కమోడ్ల మంచిచెడ్డలు చెప్పగల మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క కమోడు దగ్గర రోజూ ఓడిపోతున్నాడు.

ఎర్రచుక్క పడ్డ సరుకు నేరుగా వెనక యార్డుకి పోతుంది. అక్కడ దాన్ని ముక్కలు చేసేవాడి పేరు సమ్మెట. మనిషి కొండంత, మాట పిసరంత. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి కమోడుకీ లోపలికొచ్చి "అన్నా, ఇది నిజంగానే పగలగొట్టాలా? బానే ఉంది కదా" అని అడిగేవాడు. ఒకరోజు ఎర్రచుక్కకి తిక్కరేగి, "చుక్క పడిందంటే పడింది. ఇంక నన్నడగొద్దు" అన్నాడు. అంతే. తొమ్మిదేళ్ళుగా సమ్మెట మళ్ళీ అడగలేదు.

"నాన్నా, ఇవిగో నాలుగు పడవలు. వీటిని నువ్వు ముంచెయ్యాలి" అన్నాడు ఎర్రచుక్క, కొడుకు వెనక మోకాళ్ళ మీద కూర్చుని.

"ఎందుకు? పాపం కదా" అన్నాడు బుడ్డోడు.

"పాపం లేదు. శత్రువుల పడవలు."

"వాటిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా. కానియ్, నాకు టైమవుతోంది."

"ఎవరూ లేకపోతే శత్రువులెలా అవుతారు?"

ఎర్రచుక్క పెద్ద పడవని చూపించి అందులో ఒక దొంగ ఉన్నాడన్నాడు. బుడ్డోడు సరేనని మొదలుపెట్టాడు. మొదటి పడవ వంగింది. రెండోది మునిగింది. ఎర్రచుక్క ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా అప్పుడే తలుపు అవతల నుంచి అత్తగారి గొంతు వినబడింది.

"అయిందా నాన్నా?"

"ఇంకా లేదు అమ్మమ్మా!" అంటూ బుడ్డోడు తలుపు వైపు తిరిగాడు. తల ఒక్కటీ తిప్పడం వాడికి రాదు. తిరిగితే మనిషంతా తిరుగుతాడు. గోడ, బకెట్టు, చెంబు, మోకాళ్ళ మీద కూర్చున్న తండ్రి, తండ్రి మేజోళ్ళు, అన్నీ వరసగా తడిశాయి. మిగిలిన రెండు పడవలూ కమోడులో హాయిగా తేలుతున్నాయి.

అతను మేజోళ్ళు మార్చుకునేలోగా ఇంకో ఘోరం జరిగింది. పిల్లాడి ముఖం కడుగుదామని లోపలికి వెళ్ళిన అత్తగారి కాలు సర్రున జారింది. కుళాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. కుళాయి పిడి ఊడి చేతికొచ్చింది. ఆవిడ ఆ పిడిని తెచ్చి వంటగది బల్ల మీద పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, కూతుర్ని పిలిచింది. అల్లుడు పక్కనే ఉన్నా అల్లుడితో చెప్పే మాటలు కూతురికి చెప్పడం ఆవిడ పద్ధతి.

"అమ్మాయీ, నేను శనివారం పదింటి బస్సుకి మీ అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నా."

"అదేంటమ్మా, ఇప్పుడేమైందని?" అంది కూతురు.

"ఇప్పటికేం కాలేదు. అయ్యాక వెళ్ళడానికి కాళ్ళుండవు. ఈ వయసులో నడుం విరిగితే నాకు ఎవరు చేస్తారు? శనివారం లోపల ఆ నేల పొడిగా కనబడితే ఉంటా. లేదంటే లేదు. ఈ మాట ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు."

చెప్పక్కర్లేదు, ఎవరికి చెప్పాలో ఆయన మూడడుగుల దూరంలో ఒంటికాలి మీద నిలబడి మేజోడు తొడుక్కుంటున్నాడు. బుడ్డోడి బడి పన్నెండింటికే వదిలేస్తారు. తను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఐదవుతుంది. భార్య కళ్ళాసుపత్రి కౌంటర్లో చీటీలు రాసి వచ్చేసరికి ఆరు. మధ్యలో ఉన్నదంతా అత్తగారే. ఆవిడ బస్సెక్కిందంటే ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానుకోవాలి. ఎవరు మానుకోవాలన్న మాట ఇద్దరూ పైకి అనలేదు గానీ ఇద్దరి ముఖాల్లోనూ అదే కనబడింది.

"ఏవండీ, ఏదో ఒకటి చెయ్యండి" అంది భార్య నీరసంగా. "కమోడ్ల గురించి మీకు తెలియందేముంది?"

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఒక కమోడు మొద్దుగా మోగింది. ఎర్రచుక్క అలవాటు ప్రకారం స్టిక్కరు ఒలిచి లోపలి గోడకి, నీళ్ళకి కాస్త పైన, నడిమధ్యన అంటించాడు. అంటించి వెనక్కి జరిగి చూశాడు. తెల్లటి కమోడులో ఆ ఎర్రచుక్క ఎంత స్పష్టంగా ఉందంటే చూపు దాని మీదికే పోతోంది. రోజుకి పాతికసార్లు చేసే పనే అయినా ఆ చుక్కని అతను ఆ రోజే మొదటిసారి చూసినట్టయింది. స్టిక్కర్లు ఫ్యాక్టరీ గేటు దాటకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అతను ఆ గోడ వైపు చూడకుండా ఒక వరస స్టిక్కర్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం బుడ్డోడిని కమోడు ముందు నిలబెట్టి, "ఆ చుక్కని కొట్టు చూద్దాం" అన్నాడు.

బుడ్డోడు కొట్టాడు. మధ్యలో అత్తగారు "అయిందా నాన్నా?" అంది. వాడు తిరగలేదు. "ఉండు అమ్మమ్మా, చుక్కని కొడుతున్నా" అన్నాడు కళ్ళు తిప్పకుండా. నేల మీద చుక్క నీరు లేదు. ఎర్రచుక్క వంగి చేత్తో తడిమి చూశాడు, నమ్మకం లేక ఇంకోసారి తడిమాడు. తర్వాత ఆ పొడి నేల మీదే గోడకి చేరబడి కాసేపు కూర్చుండిపోయాడు. మూడు నెలల్లో ఆ గదిలో అతను కూర్చోగలిగింది అదే మొదలు.

మంగళవారం పొడి. బుధవారం పొడి. అత్తగారు సర్దిన సంచిలోంచి రెండు జతల బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. మిగతావి తియ్యలేదు. శనివారం ఇంకా రాలేదు కదా.

గురువారం బుడ్డోడు బడి నుంచి ఎర్రటి ముఖంతో, కాళ్ళు మెలేసుకుంటూ వచ్చాడు. పొద్దుటి నుంచి ఆపుకున్నాడట. ఎందుకురా అంటే, "బళ్ళో చుక్క లేదు" అన్నాడు. చుక్క లేనిచోట పొయ్యడం వాడి దృష్టిలో ఇప్పుడు తప్పు. భార్యకి కంగారు పుట్టింది, పిల్లాడికి కడుపునొప్పి వస్తే ఎవరిది బాధ్యత అంది. ఎర్రచుక్కకి ఆలోచించే ఓపిక లేదు. మిగిలిన స్టిక్కర్ల వరస తెచ్చి కొడుకు నిక్కరు జేబులో పెట్టి, "రేపు బళ్ళో బాత్రూంలో ఒకటి అంటించుకో" అన్నాడు. 'ఒకటి' అనే అన్నాడు. తర్వాత ఎవరడిగినా ఆ ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పేవాడు.

అదే సాయంత్రం ఫ్లష్ ట్యాంకు బుస్సుమని కారడం మొదలుపెట్టింది. చుక్క నీళ్ళలో ఎలా మెరుస్తుందో చూడటానికి బుడ్డోడు రోజుకి ఇరవైసార్లు మీట నొక్కుతున్నాడు, పాపం ట్యాంకు మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? శుక్రవారం సమ్మెటకి వారపు సెలవు. సెలవు రోజుల్లో నలుగురిళ్ళలో కుళాయిలు, ట్యాంకులు బిగిస్తుంటాడు. ఎర్రచుక్క అతనికి ఫోను చేసి, "రేపు మా ఇంటికెళ్ళి బాత్రూంలో ఒకసారి చూడు, అత్తయ్యగారు ఉంటారు" అన్నాడు. ట్యాంకు అన్న మాట చెప్పాడా లేదా అన్నది అతనికి తర్వాత ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

శుక్రవారం పదింటికి బడి నుంచి ఫోను. వెంటనే రండి అంటే అనుమతి అడిగి ఆదరాబాదరాగా వెళ్ళాడు. టీచరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నమస్కారానికి బదులు నమస్కారం పెట్టలేదు.

"రండి, చూపిస్తాను" అంది.

చెప్పుల స్టాండు చూపించింది. దాని మీద ఎర్రచుక్క, కింద మడుగు. పూలకుండీ చూపించింది. చుక్క, మడుగు. జారుడుబల్ల మెట్టు. గోడకి ఆనించిన ఆవిడ గొడుగు. ఆవిడ ముందు, అతను వెనక. రోజూ సరుకుని దీపం కింద తిప్పి చూసే మనిషిని ఇవాళ ఇంకొకరు తిప్పి చూపిస్తున్నారు. ఒక్కొక్క చుక్క దగ్గర ఆగినప్పుడల్లా అతను తల ఇంకాస్త కిందికి దించాడు.

"ఆరుగురు మగపిల్లలండీ, ఆరుగురూ! అదేంటర్రా అంటే, 'చుక్క ఉంటే తప్పు కాదు, బుడ్డోడికి వాళ్ళ నాన్న చెప్పాడట' అంటున్నారు. మీరు చెప్పారా?"

"బాత్రూంలో ఒకటి అంటించుకోమని..."

అతని ఫోను మోగింది. సమ్మెట. టీచరమ్మ కళ్ళు అతని మీదే ఉన్నాయి.

"అన్నా, మీ కమోడుకి ఎర్రచుక్క ఉంది."

"తెలుసు. నేనే పెట్టా" అన్నాడు ఎర్రచుక్క గొంతు తగ్గించి.

"నువ్వేనా?"

"నేను కాక ఇంకెవరు పెడతారు?"

"అయితే మరి..."

పొద్దుటి నుంచి చుక్క అన్న మాట వినీ వినీ అతని సహనం చచ్చిపోయింది. "చుక్క గురించి నన్నడగొద్దని తొమ్మిదేళ్ళ కిందటే చెప్పానా లేదా? నీ పని నువ్వు చూసుకో!" అని ఫోను పెట్టేశాడు. టీచరమ్మ ముఖం ఇంకా ముడుచుకుంది. ఈ చుక్కల వ్యవహారంలో ఇంకా ఎంతమంది ఉన్నారో అని ఆవిడకి అనుమానం వచ్చినట్టుంది.

పిల్లాడిని ఆ పూటకి ఇంటికి తీసుకెళ్ళమంది. దారిలో బుడ్డోడు తండ్రి వేలు పట్టుకుని వెంట వచ్చాడు. వీధి మలుపులో మెల్లిగా, "అన్నీ మనమే ఉంచుకోకూడదు, అందరికీ పెట్టాలని అమ్మమ్మ చెప్పింది" అన్నాడు. తిట్టడానికి ఎర్రచుక్క కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. వాణ్ణి ఎత్తుకుని నడిచాడు. వాడి నిక్కరు తడిగానే ఉంది గానీ అప్పటికి అతను అలాంటివి లెక్కచెయ్యడం మానేశాడు.

ఇంటికి వచ్చేసరికి బాత్రూం తలుపు హాల్లో గోడకి ఆనించి ఉంది. తలుపు ఇక్కడెందుకుందా అని లోపలికి తొంగిచూశాడు. కమోడు ఉండాల్సిన చోట ఒక గుండ్రటి కన్నం, దాంట్లో గుడ్డ కుక్కి ఉంది. కారుతున్న ట్యాంకు మాత్రం గోడకి అలాగే వేలాడుతూ, అలాగే బుస్సుమంటోంది.

"పాతది తీసుకుపోయాడు బాబూ" అంది అత్తగారు. ఆ సంతోషంలో కూతురు లేకపోయినా నేరుగా అల్లుడితోనే మాట్లాడేసింది. "ఇరుకు గుమ్మం కదా, తలుపు కూడా ఊడదీశాడు. కొత్తది పెట్టిస్తున్నారని చెప్పనేలేదు మీరు! ఎప్పుడు వస్తుంది?"

ఎర్రచుక్క బుడ్డోడిని దించి పరుగెత్తాడు. ఫ్యాక్టరీ యార్డు చేరేసరికి సమ్మెట చెమట తుడుచుకుంటున్నాడు. కాళ్ళ దగ్గర తెల్లటి ముక్కల కుప్ప. కుప్ప మీద ఒక పెంకు మీద ఎర్రచుక్క చెక్కుచెదరకుండా ఉంది.

"ఏంట్రా ఇది? ట్యాంకు చూడమంటే కమోడు పగలగొడతావా?"

"చుక్క ఉంది కదన్నా" అన్నాడు సమ్మెట. "ఇంట్లోది కదా అని ఒక్కసారి అడిగా కూడా. అడగొద్దన్నావు." "సెలవైనా నీ పని కదాని వచ్చి చేసి పెట్టా" అని కలిపాడు.

కోప్పడదామని ఎర్రచుక్క నోరు తెరిచాడు. ఎవరి మీద కోప్పడాలో తోచలేదు. చుక్క తనది, రూలు తనది, ఫోనులో అరిచిన అరుపూ తనదే. ఆ పెంకు చేతిలోకి తీసుకుని అలవాటు కొద్దీ వేలితో తట్టి విన్నాడు. ఖంగుమంది. కమోడులో ఏ లోపమూ లేదు.

స్టోరు మనిషి దగ్గరికి వెళ్తే అతను చేతులెత్తేశాడు. బట్టీ మరమ్మతులో ఉంది, ఉన్న సరుకంతా పొద్దున్నే లారీల్లో వెళ్ళిపోయింది, మళ్ళీ పదిహేను రోజుల దాకా ఒక్క కమోడు కూడా రాదు. "ఒక్కటే ఉంది, శాంపిలు. అరువు మీద పట్టుకెళ్ళు, నీకైతే ఇస్తా" అని లోపల్నుంచి తెచ్చి ముందు పెట్టాడు. పసిపిల్లల బడుల కోసం చేసిన బుల్లి కమోడు. ఎత్తు ఎర్రచుక్క పిక్క దాకా వచ్చింది.

సాయంత్రం సమ్మెట దాన్ని బిగించి, ట్యాంకు కూడా బాగుచేశాడు. తలుపు మాత్రం బిగించలేదు, బందులు విరిగిపోయాయి, రేపు తెస్తానని గుమ్మానికి పాత దుప్పటి ఒకటి కట్టాడు. బుడ్డోడు అతని పక్కనే గొంతుకూర్చుని ప్రతి మేకూ లెక్కబెడుతూ, "మామా, ఎర్రచుక్క అంటే ఏంటి?" అని అడిగాడు.

"పనికిరాదని."

"అంటే కొట్టమని కాదా?"

"కొట్టమనే" అన్నాడు సమ్మెట, సమ్మెట దెబ్బ దృష్టిలో పెట్టుకుని. "పనికిరానిదాన్నే కొడతాం."

బుడ్డోడు ఆ సంగతి చాలాసేపు ఆలోచించాడు. అత్తగారు దుప్పటి తొలగించి ఆ బుల్లి కమోడుని చూసింది. బీరువా తెరిచి, మొన్న తీసిన రెండు జతల బట్టలూ మళ్ళీ సంచిలో పెట్టుకుంది. పక్కింటివాళ్ళ బాత్రూంకి ఆ రోజు నాలుగుసార్లు వెళ్ళొచ్చిన మనిషి ఇంకేం చేస్తుంది?

బుడ్డోడు మెల్లిగా వెళ్ళి ఆవిడ సంచి పట్టుకున్నాడు. "అమ్మమ్మా, నేనింక సుస్సు పొయ్యను. ఎప్పుడూ పొయ్యను. నువ్వు వెళ్ళకు" అన్నాడు. హాల్లో కూర్చున్న ఎర్రచుక్క ఆ మాట విన్నాడు. నాలుగేళ్ళవాడు పాపం ఇవ్వగలిగిందంతా ఇచ్చేస్తానంటున్నాడు. అత్తగారు వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది గానీ సంచి జిప్పు మాత్రం తియ్యలేదు.

శనివారం ఉదయం ఆరున్నరకి ఇంటిల్లిపాదీ దుప్పటి ముందు నిలబడ్డారు. పదింటికి బస్సు. బుడ్డోడు మాట మీద నిలబడి అరగంట ఆపుకున్నాడు, ఆఖరికి వాళ్ళమ్మ బతిమాలితే లోపలికి వెళ్ళాడు. కొత్త కమోడు వాడికి సరిగ్గా సరిపోయింది. అంచు మోకాళ్ళకి తగులుతోంది, ఇటు గోడ, అటు బకెట్టు. తిరుగుదామన్నా చోటు లేదు.

"అయిందా నాన్నా?" అంది అత్తగారు.

వాడు తల ఒక్కటే తిప్పాడు. "అయింది అమ్మమ్మా."

ఎర్రచుక్క భార్య లోపలికి వెళ్ళి చూసి వచ్చింది. తర్వాత అత్తగారు వెళ్ళి చెప్పులు విడిచి, ఒట్టి కాళ్ళతో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచి వచ్చింది. "పొడిగానే ఉంది" అంది, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. బుడ్డోడు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. భార్య ఊపిరి పీల్చుకుని కాఫీ పెట్టడానికి వెళ్ళింది. వారం రోజుల్లో మొదటిసారి ఎర్రచుక్కకి నెత్తి మీంచి బరువు దిగింది. ఆ నిశ్చింతలోనే తనకీ అవసరం గుర్తొచ్చి దుప్పటి వెనక్కి వెళ్ళాడు.

నిలువెత్తు మనిషి, పిక్కల దాకా వచ్చే కమోడు. ఎక్కడో కింద, బావిలో చెంబంత కనబడుతోంది. అయినా రోజుకి రెండు వందల కమోడ్లు చూసే మనిషికి ఇదో లెక్కా అనుకుని మొదలుపెట్టాడు. బాగానే సాగుతోంది. అప్పుడు దుప్పటి అవతల నుంచి, అచ్చం వాళ్ళమ్మమ్మ గొంతుతోనే, బుడ్డోడు ఆప్యాయంగా పిలిచాడు.

"అయిందా నాన్నా?"

"ఇంకా లేదురా" అంటూ ఎర్రచుక్క గుమ్మం వైపు తిరిగాడు.

మనిషంతా తిరిగాడు.

మూడు నెలలుగా దీపం పెట్టి వెతికినా దొరకని బీట అతనికి ఆ క్షణంలో దొరికింది. పిల్లాడి గురిలో లోపం లేదు, పడవల్లో లేదు, చుక్కలో లేదు. పిలిస్తే ఎవడైనా తిరుగుతాడు. ఆ పిలుపే లేకపోతే ఈ మూడు నెలల తుడుపూ, ఈ చుక్కలూ, పగిలిన కమోడూ ఏవీ ఉండేవి కావు. ఈ సంగతి అత్తగారికి చెబుదామని దుప్పటి తొలగించాడు. కానీ అప్పటికే అతని కన్నా ముందు, దుప్పటి కింది నుంచి ఒక సన్నటి ధార హాల్లోకి వచ్చి అత్తగారి సంచి దగ్గర ఆగింది. చెప్పే అర్హత చేజారిపోయింది.

అత్తగారు సంచి ఎత్తి కుర్చీలో పెట్టింది. జిప్పు తీసి, బట్టలన్నీ ఒక్కొక్కటే బీరువాలో సర్దుకుంది. "అమ్మాయీ, నేను ఉంటున్నా. పిల్లాడి వల్ల నాకేం ఇబ్బంది లేదు" అంది. తర్వాత గొంతు కాస్త తగ్గించి, "ఆయన్ని మాత్రం ఇకనుంచి కూర్చోమని చెప్పు" అంది.

భార్య ముఖం గోడ వైపు తిప్పుకుని ఆ మాట మొగుడికి చేరవేసింది. ఆమె భుజాలు అదురుతున్నాయి. అవమానమో, హాయో తెలియని స్థితిలో ఎర్రచుక్క నేల తుడిచాడు. ఏమైతేనేం, అత్తగారు ఉంటోంది, ఇద్దరి ఉద్యోగాలూ ఉంటున్నాయి. అంత అలసటలోనూ అతనికి నవ్వొచ్చింది. వెనక నుంచి బుడ్డోడు వచ్చి తండ్రి వీపు మీద చేయి వేసి, ఓదార్పుగా గట్టిగా ఒకసారి నొక్కాడు. పిల్లాడికి ఎంత ప్రేమో అనుకుని ఎర్రచుక్క అలాగే ఫ్యాక్టరీకి బయల్దేరాడు.

గేటు దగ్గర కాపలావాడు అతన్ని వింతగా చూశాడు. స్టోరు మనిషి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. యార్డు పక్క నుంచి వెళ్తుంటే, తలుపు బందులు ఎప్పుడు తెస్తాడో కనుక్కుందామని ఎర్రచుక్క ఆగి అటు తిరిగి సమ్మెటని కేకేశాడు. అప్పటికే అతని చొక్కా వీపు మీద, సరిగ్గా నడిమధ్యన, గుండ్రటి ఎర్ర స్టిక్కరుని సమ్మెట చూసేశాడు.

సమ్మెట సమ్మెట అందుకున్నాడు గానీ, ఏమీ అడగలేదు.